3.2 ఎలా 5.1 అయిందో చెప్తా ఉండు

ఒరేయ్ బాబ్జీ,

ఉత్తరం ఆలస్యమైంది, తిట్టుకో, పడతాను. ఇక్కడ అందరం కులాసా. పిల్ల పరీక్షలు అయిపోయాయి, అమ్మ మోకాళ్ల నొప్పి కాస్త నయం, ఇంటికి సున్నాలు వేయించాలి. మిగతా కబుర్లు తర్వాత. నువ్వు పంపిన ఆ బొమ్మ చూసిన దగ్గర్నుంచి చెయ్యి ఊరుకోవడం లేదు.

అదేరా, "2023-24లో 3.2 శాతం ఉన్న నిరుద్యోగం 2025 ఏప్రిల్‌కి 5.1కి ఎగబాకింది" అని ఎర్ర బాణం గీసిన బొమ్మ. రెండంకెలూ నిజమే. రెండూ పీఎల్‌ఎఫ్‌ఎస్‌వే, అంటే కేంద్ర గణాంక శాఖ చేసే శ్రామిక శక్తి సర్వేవి. ఆ బాణమే అబద్ధం. మన లెక్కల మాస్టారు ఉంటే "ముందు యూనిటు రాయరా వెధవా" అని బెత్తం తీసేవారు. ఇక్కడ యూనిటంటే శాతం కాదు, ఎన్నాళ్ల సంగతి అడిగారన్నది.

3.2 అనేది "యూజువల్ స్టేటస్" లెక్క. వెనకటి 365 రోజులు చూస్తారు. ఎక్కువ కాలం ఏం చేశారో అది ప్రధానం; దానికి తోడు ముప్పై రోజులో అంతకన్నా ఎక్కువో ఏ పని చేసినా అనుబంధంగా కలుపుతారు. 5.1 మాత్రం "కరెంట్ వీక్లీ స్టేటస్", అంటే వెనకటి ఏడు రోజులే. ఆ ఏడింట్లో ఏ ఒక్క రోజైనా కనీసం ఒక గంట పని ఉంటే ఉద్యోగి. గంట కూడా లేకుండా, ఏదో ఒక రోజు పని వెతికినా, దొరికితే చేస్తానన్నా నిరుద్యోగి.

ఇప్పుడు ఒకావిడను తీసుకో. నాట్లకీ కలుపుకీ కలిపి ఏడాదిలో రెండు నెలలు కూలికి వెళ్తుంది, మిగతా కాలం ఇంటిపని. ఏప్రిల్లో సర్వే వాళ్లు వచ్చారు. కోతలు అయిపోయాయి, గత వారం పనే లేదు, ఎవరైనా పిలిస్తే వెళ్తానంది. సర్వేలో ఒక్కో రకం పనికి ఒక్కో అంకె, దాన్నే కోడు అంటారు. ఏడాది లెక్కలో ఆవిడ ప్రధాన కోడు 92, అంటే ఇంటిపని. అనుబంధ కోడు 51, రోజు కూలి. ముప్పై రోజులు దాటాయి కాబట్టి ఆవిడ ఉద్యోగి. వారం లెక్కలో కోడు 82, పని వెతకలేదు కానీ సిద్ధంగా ఉంది, కాబట్టి నిరుద్యోగి. "పిలిచినా వెళ్లను" అనుంటే అదే వారం లెక్కలో శ్రామిక శక్తిలోనే (ఉద్యోగులూ నిరుద్యోగులూ కలిపి) ఉండేది కాదు. ఒకే మనిషి, ఒకే రోజు, ఒకే అరుగు మీద కూర్చుని ఇచ్చిన జవాబులు. అందుకే మన దేశంలో వారం రేటు ఏడాది రేటు కన్నా ఎక్కువ వస్తుంది. అందులో కుట్రేం లేదురా!

మరి సరైన పోలిక ఏది? 2023-24 వార్షిక నివేదికలోనే వారం లెక్క రేటు కూడా ఉంది, 4.9. అంటే బాణం 4.9 దగ్గర మొదలవ్వాలి. అదీ పూర్తిగా సరైన పోలిక కాదనుకో. 4.9 పన్నెండు నెలల సగటు, 5.1 ఒక్క నెలది. పైగా 2025 జనవరి నుంచి సర్వే డిజైనే మార్చారు. గతంలో పట్టణాల్లోనే మళ్లీ మళ్లీ వెళ్లేవారు, ఇప్పుడు పల్లెల్లోనూ అదే ఇంటికి నాలుగు నెలలు వరసగా వెళ్తారు. నెలవారీ బులెటిన్ మొదటిది 2025 మే 15న వచ్చింది. అందులో అంకెలకి ఋతువుల ప్రభావం తీసేసే సవరణ లేదు. ఏప్రిల్ 5.1, మే 5.6, జూన్ 5.6, జులై 5.2. ఇది చూసి మేలో దేశం మునిగిందనీ, జులైలో తేలిందనీ రాస్తే ఎలా? రబీ కోతలు అయ్యాక పొలం పని తగ్గుతుంది. అదే కాలంలో శ్రామిక శక్తి భాగస్వామ్యం, అంటే పదిహేనేళ్లు నిండినవాళ్లలో శ్రామిక శక్తి ఎంత శాతమన్నది, వారం లెక్కలో ఏప్రిల్లో 55.6 నుంచి జూన్‌కి 54.2కి జారింది. రేటు పక్కన ఈ అంకె పెట్టకపోతే సగం కథే చెప్పినట్టు.

ఎందుకో చూడు. వెయ్యిమంది పెద్దవాళ్లు. శ్రామిక శక్తి 556, నిరుద్యోగులు 28, రేటు 5.0. ఆ నిరుద్యోగుల్లో ఎనిమిదిమంది విసిగి, వెతకడం మానేసి, పిలిచినా వెళ్లం అనేశారనుకో. 548లో 20, రేటు 3.6. ఒక్క కొత్త ఉద్యోగం లేదు, రేటు మాత్రం దిగింది, మంత్రిగారు చప్పట్లు కొట్టించుకోవచ్చు. ఈ మాట ఎక్కువమంది ముందు అనలేను, నీకు కాబట్టి.

సరే, మీ బామ్మర్ది ఆ పాలసీ సంస్థలో చేరుతున్నాడని రాశావుగా. వాడికి ఇది చదివి వినిపించు. వాడికి మొదట అప్పజెప్పేది యూనిట్ డేటానే, అంటే ఒక్కో మనిషి ఇచ్చిన జవాబులున్న ముడి ఫైలు. 2023-24ది టెక్స్ట్ ఫైలు, కామాలుండవు, ఏ స్థానం నుంచి ఏ స్థానం దాకా ఏ సంగతో లేఔట్ ఫైల్లో ఉంటుంది. ఒక్క స్థానం జరిగితే 92 కాస్తా ఇంకేదో అయి కూర్చుంటుంది, ఎర్రర్ కూడా రాదు. ఆ వార్షిక అంకెలకి మొదటి రాక ఫైలే, అంటే ఇంటికి మొదటిసారి వెళ్లినప్పటిదే, వాడాలి. మళ్లీ వెళ్లినప్పటి పునర్దర్శన ఫైలు కలిపేస్తే అన్నీ పాడు, యూజువల్ స్టేటస్ ప్రశ్నలు మొదటి రాకలోనే అడుగుతారు. ఇంటి ఫైలూ మనిషి ఫైలూ కలిపేటప్పుడు ఒక్క ఇంటి నంబరుతో కలపొద్దు, అది ప్రతి నమూనా ఊళ్లోనూ మళ్లీ ఒకటి నుంచే మొదలవుతుంది. త్రైమాసికం, ఎఫ్‌ఎస్‌యూ (నమూనాగా ఎంచిన ఊరు లేదా పట్టణ బ్లాకు) నంబరు, సెగ్మెంటు (అందులో ఎంచిన భాగం), రెండో దశ స్ట్రాటమ్ (ఇళ్లని విడగొట్టిన గుంపు), ఇంటి నంబరు, అన్నీ ఉండాలి.

మల్టిప్లయర్, అంటే నమూనాలో ఒక్కొక్కరు ఎంతమందికి బదులో చెప్పే అంకె, దాని దగ్గరే చాలామంది బోల్తా కొడతారు. పాత ఫైళ్లలో ఎన్‌ఎస్‌ఎస్, ఎన్‌ఎస్‌సీ అని రెండు అంకెలుంటాయి, అవి సమానమైతే మల్టిప్లయర్‌ని 100తో, కాకపోతే 200తో భాగించాలి. ఏడాది మొత్తానికి కలిపినప్పుడు త్రైమాసికాల సంఖ్యతో మళ్లీ భాగించాలి. సూత్రం డేటాతో పాటు ఇచ్చే వివరణ పత్రంలో, అదే రీడ్‌మీలో, ఉంటుంది, డిజైను మారింది కాబట్టి కొత్త డేటాకి కొత్త రీడ్‌మీనే చూడమను. ఇంకోటి, మల్టిప్లయర్లు కూడితే వచ్చే జనాభా, జనగణన అంచనాల కన్నా తక్కువ వస్తుంది. అందుకే "ఎన్ని కోట్లమంది" అని ఎవరైనా అడిగితే సర్వే నుంచి నిష్పత్తి మాత్రమే తీసుకుని, జనాభా అంచనాతో గుణిస్తారు. అది చేయకుండా కోట్లు రాసేవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట.

వాడి మొదటి పరీక్ష: 2023-24 ఫైలుతో, పదిహేనేళ్లు నిండినవాళ్ల ఏడాది లెక్క భాగస్వామ్య రేటు అచ్చు 60.1 తెప్పించాలి. నివేదికలో ఉన్న అంకె రాకుండా కొత్త పట్టిక ఒక్కటి కూడా వేయకూడదు. ఆ తర్వాత ప్రతి గడిలోనూ మల్టిప్లయర్ వేయని అసలు మనుషులెందరో పక్కన రాసుకోమను. "ఫలానా రాష్ట్రం, పట్టణ యువతులు, డిగ్రీ" అని తరుగుతూ పోతే చివరికి పది పదిహేనుమంది నిరుద్యోగులు మిగులుతారు. వాళ్ల మీద దశాంశంతో సహా రేటు రాయడం కన్నా ఊరుకోవడం మర్యాద.

ఆడవాళ్ల సంగతి రాద్దామనే అసలు కాగితం తీశాను, చూడు, ఎక్కడికో పోయాను. ఏడాది లెక్కలో మహిళల భాగస్వామ్యం 2017-18లో 23.3, 2023-24లో 41.7. భలే పెరిగింది కదా? కానీ పనిచేసే ఆడవాళ్లలో స్వయం ఉపాధి వాటా 51.9 నుంచి 67.4కి వెళ్లింది. ఆ 67.4లో 36.7 కోడు 21, సొంత పొలంలోనో కొట్లోనో జీతం లేకుండా సాయం చేసేవాళ్లు. అంటే కొత్తగా పని పెరిగిందా, ఇదివరకు 92 అని రాసిన మనిషిని ఇంకో ప్రశ్న అడిగి 21 అని రాశారా, ఇంట్లో ఆదాయం చాలక దిగారా? నాకైతే మూడూ కలిసే ఉన్నాయనిపిస్తుంది, ఏది ఎంతో విడదీయాలంటే పల్లె, పట్నం, వయసు, పంట కాలం వేరువేరుగా... ఇది ఇంకో ఉత్తరం.

ఈపీఎఫ్‌ఓ (పీఎఫ్ ఖాతాలు చూసే సంస్థ) అంకెల గురించి అడిగావు. అవి కొత్త ఉద్యోగాలు కావు. ఖాతాలో చేరినవాళ్లలోంచి మానేసినవాళ్లని తీసేసి, తిరిగి చేరినవాళ్లని కలిపిన లెక్క. ఉన్న ఉద్యోగమే కొత్తగా పీఎఫ్‌లోకి వచ్చినా అందులో పడుతుంది. పైగా తర్వాతి నెలల్లో సవరిస్తారు. జీతాల ప్రశ్నలు ఇంకా తమాషా, నెలజీతగాడిని గడిచిన నెల అడుగుతారు, కూలివాడిని ఏడు రోజులూ విడివిడిగా, సొంత వ్యాపారిని ముప్పై రోజుల...

ఆటో వచ్చేసింది, హారన్ కొట్టి చంపుతున్నాడు. ఆ 60.1 వచ్చిందో లేదో మీ బామ్మర్దిని నాకు రాయమను.

నీ
చిట్టి