గోరెన్ పేకాటరాయుడా?

సంపాదకుడు గారికి,

పోయిన ఆదివారం అనుబంధంలో, ఇద్దరిద్దరు జోడీలుగా ఆడే పేకముక్కల ఆట బ్రిడ్జ్‌లో విజేత, అమెరికన్ చార్లెస్ గోరెన్ మీద వ్యాసం వేశారు, సంతోషం. కానీ శీర్షికలో 'పేకాటరాయుడు' ఏమిటండీ? మామిడితోటలో పోలీసులకు దొరికినవాళ్లకూ, 1950లో బ్రిడ్జ్ ప్రపంచ పోటీ అయిన బెర్ముడా బౌల్‌ను మొట్టమొదటిసారి జరిగినప్పుడే గెలిచిన మనిషికీ ఒకటే మాటా?

కుర్రతనంలో ఆయన ఆట చూసి ఒక అమ్మాయి నవ్విందన్న ముచ్చటకు సగం పేజీ ఇచ్చారు. ఆయన బోధనకు రెండు వాక్యాలు! ఫిలడెల్ఫియాలో లాయరు పని వదిలేసి ఆయన బ్రిడ్జ్‌కే అంకితమయ్యే నాటికి అమెరికా అంతా అప్పటి బ్రిడ్జ్ నిపుణుడు కల్బర్ట్‌సన్ పద్ధతిలో ఆడేది. చేతిలోని ముక్కల బలాన్ని లెక్కగట్టడానికి, ఒకే రంగులో ఆసూ రాణీ ఉంటే ఒకటిన్నర, ఆసూ రాజూ ఉంటే రెండు, ఇలా సగాలతో లెక్క. గోరెన్ ఆసుకు 4, రాజుకు 3, రాణికి 2, జాకీకి 1 అన్నాడు. ఈ లెక్క ఆయన కనిపెట్టింది కాదు, ఆయన గురువు మిల్టన్ వర్క్ వాడిందే. దానికి రంగుల పంపకం పాయింట్లు (ఏదైనా రంగులో ముక్కలు తక్కువుంటే వచ్చేవి) కలిపి, జోడీ ఇద్దరి చేతుల్లో కలిపి 26 ఉంటే, బోనస్ దక్కే 'గేమ్' స్థాయి దాకా పాట పాడమన్నాడు. కూడికలు వస్తే చాలు, ఎవరైనా ఆడొచ్చు. 1958లో టైమ్ పత్రిక ఆయన్ని ముఖచిత్రంగా వేసింది ఊరికే కాదు.

బ్రిడ్జ్‌లో డూప్లికేట్ అనే పోటీల్లో అన్ని టేబుళ్లకూ అవే ముక్కలు వెళ్తాయి. 'నాకు ముక్క పడలేదు' అనే సాకే చెల్లదు. రమ్మీ కూడా ప్రధానంగా నైపుణ్యం ఆటే అని సుప్రీంకోర్టు 1960ల్లోనే తేల్చింది, అదీ మన సికింద్రాబాద్‌లోని ఒక క్లబ్ కేసులో, బ్రిడ్జ్‌తో పోల్చి మరీ. ఆ సంగతి మన ఆఫీసులకు ఇంకా చేరినట్టు లేదు. కమ్యూనిటీ హాల్లో పిల్లలకు బ్రిడ్జ్ నేర్పుతామని దరఖాస్తు పెడితే, 'పేకాటకు పర్మిషనా? నా ఉద్యోగం ఊడుతుంది సార్' అన్నాడొక అధికారి. అదే హాల్లో తెల్లవార్లూ డీజే మోగితే మాత్రం ఎవరి ఉద్యోగమూ ఊడదు!

2018లో జకార్తా ఆసియా క్రీడల్లో ప్రణబ్ బర్ధన్, శివ్‌నాథ్ సర్కార్ బ్రిడ్జ్‌లోనే బంగారు పతకం తెచ్చారు. ఆ పేర్లు మన క్రీడాధికారుల్లో ఎందరికి గుర్తున్నాయో అడిగి చూడండి. శాలువాలు కప్పడానికైతే అందరూ ముందుంటారు.

మీరైనా సవరణ వేయండి. రాశిఫలాలకు రోజూ ఇచ్చే జాగాలో వారానికి ఒక్కసారి ఒక బ్రిడ్జ్ చేతిని (పంచిన ముక్కల అమరికను) అచ్చువేసినా మాలాంటి పాఠకులకు చాలు.

ఇట్లు,
ఒక పాత పాఠకుడు