ఆ సినిమాలో కథ లేదనడం అన్యాయం

సంపాదకుల వారికి,

నమస్కారం.

‘వన్స్ అపాన్ ఎ టైమ్ ఇన్ హాలీవుడ్’ మీద మీ సినిమా పేజీలో వచ్చిన వ్యాసం చదివాక ఈ ఉత్తరం రాయకుండా ఉండలేకపోయాను. పాత కార్లు, నియాన్ బోర్డులు, రేడియో పాటలు బాగున్నాయి, బ్రాడ్ పిట్ బాగున్నాడు, క్లైమాక్స్ అదిరింది, కానీ రెండున్నర గంటలు దాటిన సినిమాలో కథే లేదు అని తేల్చేశారు. కథ లేకపోవడమేంటండీ! మార్కెట్ పోతున్న నటుడికి రేపు వేషం ఉంటుందో ఉండదో అన్న భయమే ఆ కథ. సినిమా మొదట్లోనే ఆ సంగతి విప్పి చెప్పేశారు కూడా.

అల్ పాచినో వేసిన ఏజెంట్ పాత్ర గుర్తుందా? 1969 ఫిబ్రవరిలో, ముసో అండ్ ఫ్రాంక్ రెస్టారెంట్‌లో కూర్చుని, రిక్ డాల్టన్‌కి (డికాప్రియో) అతని పరిస్థితి ఏమిటో చాలా మర్యాదగా చెప్తాడు. ఒకప్పుడు నీకంటూ ఒక కౌబాయ్ సీరియల్ ఉండేది, ఇప్పుడు ఎవరెవరి సీరియల్స్‌లోనో గెస్ట్ విలన్‌వి, ప్రతిసారీ ఎవడో కొత్త కుర్రాడి చేతిలో తన్నులు తింటున్నావు, చూసేవాళ్ళకి నువ్వు ఓడిపోయేవాడిగా అలవాటైపోతావు అని. వేషాలు వస్తూనే ఉంటాయి, చెక్కులూ వస్తుంటాయి, పేరు మాత్రం కొంచెం కొంచెంగా పోతుంది. పరిశ్రమ ఒక నటుణ్ణి ఎలా దించుతుందో ఇంత సూటిగా చెప్పిన సీన్ నేను ఇంకెక్కడా చూడలేదు. బయటికొచ్చి రిక్ ఏడుస్తాడు, పక్కనున్న అతని డూప్ క్లిఫ్ (బ్రాడ్ పిట్) తన నల్ల కళ్ళజోడు తీసి ఇస్తాడు.

ఇది దర్శకుడు టరాంటినో గాల్లోంచి పుట్టించింది కాదు. 1950ల చివర్లో అమెరికన్ టీవీలో పాతికకు పైగా కౌబాయ్ సీరియల్స్ ఒకేసారి నడిచేవి. ఆ హీరోల్లో సినిమాల్లోకి గట్టిగా దాటగలిగింది కొద్దిమందే. స్టీవ్ మెక్వీన్ దాటాడు, 1963లో ‘ది గ్రేట్ ఎస్కేప్’ చేశాడు. క్లింట్ ఈస్ట్‌వుడ్ ‘రాహైడ్’ సీరియల్ చేస్తూనే ఇటలీ సినిమా ఒప్పుకుని అక్కణ్ణించి ఎక్కడికో వెళ్ళిపోయాడు. రిక్ ఆ దాటలేకపోయినవాళ్ళ మనిషి. ‘ది గ్రేట్ ఎస్కేప్’లో మెక్వీన్ వేషం నీకు త్రుటిలో తప్పిపోయిందట కదా అని సెట్లో ఒకడు అడిగితే, అంత లేదులే అని తేలిగ్గా కొట్టిపారేస్తాడు గానీ, అప్పుడే మనకి మెక్వీన్ స్థానంలో రిక్‌ని పెట్టి ఆ సీన్ చూపిస్తారు. అది అతని తలలో ఎన్నిసార్లు ఆడి ఉంటుందో!

ఇక డైలాగ్ మర్చిపోయాక క్యారవాన్‌లోకి వెళ్ళి తనని తాను తిట్టుకునే సీన్. రాత్రి తాగినందుకు, డైలాగులు బట్టీ పట్టి కూడా అందరి ముందూ తడబడినందుకు, అద్దంలో తన మొహం చూసుకుని బెదిరిస్తాడు. బయట నత్తి, కెమెరా ముందు మాత్రం నత్తి లేదు. ఆ తర్వాతి టేక్‌లో అతను చేసిన విలనీ చూసి ఎనిమిదేళ్ళ సహనటి చెవిలో చెప్తుంది, ఇంత మంచి నటన నా జీవితంలో చూడలేదని. రిక్ కళ్ళలో నీళ్ళు. నాకూ వచ్చాయి. మీ వ్యాసంలో ఈ సీన్ ఊసే లేదు.

క్లిఫ్ రిక్‌కి డూప్. రిక్‌కి వేషాలు తగ్గితే అతనికి పనే లేదు, కాబట్టి ఇప్పుడు డ్రైవర్, ఇంటిపనివాడు. డ్రైవ్-ఇన్ థియేటర్ వెనకాల ట్రైలర్‌లో కాపురం. పైకప్పు మీద చొక్కా విప్పాడని రాశారు, ఎందుకెక్కాడో రాయలేదు. రిక్ ఇంటి టీవీ యాంటెన్నా బాగుచేయడానికి. రిక్ బదులు ఎన్ని దెబ్బలు తిన్న మనిషో అతను.

ఆ కాలపు నిజమైన నటి షారన్ టేట్ (ఆ వేషం మార్గో రాబీది) థియేటర్‌లో కూర్చుని తన సినిమా తనే చూసుకునే సీన్‌ని సాగదీత అన్నారు. టికెట్ కౌంటర్‌లో అమ్మాయి ఆమెని గుర్తుపట్టదు, అయినా చిన్నబుచ్చుకోదు. లోపల కాళ్ళు ముందు సీటు మీద పెట్టుకుని, జనం ఎక్కడ నవ్వుతారా అని చెవులు రిక్కించి వింటుంది. తెర మీద కనిపించేది అసలు షారనే, ‘ది రెకింగ్ క్రూ’లోని అసలు సీన్లే. 1969 ఆగస్టులో, 26 ఏళ్ళ వయసులో, నిండు గర్భిణిగా హత్యకు గురైన మనిషిని ఇన్నేళ్ళూ ఆ హత్యతోనే గుర్తుపెట్టుకున్నాం. ఇక్కడ ఆమెని నటిగా, తన పని చూసుకుని మురిసిపోయే మనిషిగా చూపించారు. అది సాగదీతా?

సినిమాలో నాకు నచ్చనిది ఒకటుంది, దాన్నే మీరు బెస్ట్ కామెడీ అన్నారు. క్లిఫ్ బ్రూస్ లీని ఎత్తి కారుకేసి కొట్టే సీన్. ఆయన కూతురు షానన్ లీ బహిరంగంగానే బాధపడ్డారు, ఆ బాధ న్యాయమైంది. ‘ది గ్రీన్ హార్నెట్’ టీవీ సీరియల్ 1967లో ఆగిపోయాక బ్రూస్ లీకి హాలీవుడ్ సరైన వేషం ఇచ్చిందే లేదు, స్టార్లకి ఫైటింగ్ నేర్పుతూ, చిన్నాచితకా పనులు చేస్తూ ఉండిపోయాడు. ‘ది రెకింగ్ క్రూ’ కోసం షారన్‌కి నేర్పింది కూడా ఆయనే, అది ఈ సినిమాలోనే చూపించారు. చివరికి హాంగ్‌కాంగ్ వెళ్ళి 1971లో ‘ది బిగ్ బాస్’ చేస్తే గానీ హీరో కాలేదు. అంటే పరిశ్రమ పక్కన పెట్టిన మనిషే కదా ఆయన కూడా! రిక్ మీద అంత జాలి చూపించిన దర్శకుడు, నిజంగా బతికి నిజంగా ఆ అవమానం పడ్డ నటుణ్ణి డాంబికాల మనిషిగా చేసి నవ్వించడం నాకు మింగుడు పడలేదు. మళ్ళీ ఈ సినిమా గురించి రాసేటప్పుడు కనీసం ఈ ఒక్క సంగతైనా మీ పాఠకులకు చెప్పండి.

ఇట్లు,
మీ సినిమా పేజీ వదలకుండా చదివే పాఠకుడు