పిల్లలు చెప్పగలగాలి, నువ్వు వినగలగాలి

చిరంజీవి బాబుకి,

అమ్మ ఆశీస్సులు.

మూడు, నాలుగు, ఐదు తరగతులకి ఆరోగ్యం, జీవన నైపుణ్యాల పీరియడ్ నీకు అప్పజెప్పారని విని చాలా సంతోషించాను. నువ్వు మాత్రం ఫోన్లో కాస్త నీరసంగానే చెప్పావు. లెక్కలో సైన్సో ఇచ్చి ఉంటే బాగుండేదన్నావు. పరీక్ష ఉండదు, మార్కులు ఉండవు, పైగా ఏ మాటకి ఏ తల్లిదండ్రులు గొడవకి వస్తారోనని నీ బెంగ. ఇన్నేళ్లు చిన్న తరగతులకి చెప్పినదాన్ని కాబట్టి నా మాట విను. ఆ బడిలో నీకు దొరికిన పనుల్లో ఇదే పెద్దది.

ఎందుకంటే ఈ పీరియడ్‌లో పిల్లలకి అందాల్సింది సమాచారం ఒక్కటే కాదు. తనకి ఏం జరుగుతోందో చెప్పడానికి మాటలు, ఆ మాటలు వినే ఒక పెద్ద మనిషి, ఈ రెండూ దొరకాలి. మిగతావన్నీ వీటిని ఆనుకునే ఉంటాయి.

ప్రపంచ ఆరోగ్య సంస్థ 1990లలోనే బళ్ల కోసం పది జీవన నైపుణ్యాలు చెప్పింది. నిర్ణయం తీసుకోవడం, సమస్యని విడదీసి చూడటం, కొత్తగా ఆలోచించడం, విన్నదాన్ని తరచి చూడటం, మనసులో మాట చెప్పడం, నలుగురితో మెలగడం, తనని తాను తెలుసుకోవడం, ఎదుటివాళ్ల బాధ అర్థం చేసుకోవడం, ఉద్వేగాలని తట్టుకోవడం, ఒత్తిడిని తట్టుకోవడం. ఈ పట్టికని చార్టు మీద రాసి గోడకి అంటించి ఊరుకోకు. నోట్స్ చెప్పి రాయించావా, అంతటితో సరి! ఇవి చేస్తూ నేర్చుకునేవి. ఈత గురించి ఎంత చదివినా నీళ్లలో దిగకుండా రాదు కదా.

దీనివల్ల చదువు వెనకబడుతుందని తోటి టీచర్లు ఎవరైనా అంటే వాళ్లకి ఒక సంగతి చెప్పు. ఉద్వేగాలు, స్నేహాలు, నిర్ణయాల గురించి బడిలో నేర్పిన 213 కార్యక్రమాల ఫలితాలన్నీ కలిపి 2011లో ఒక పెద్ద పరిశీలన వచ్చింది. చిన్నపిల్లల తరగతుల నుంచి హైస్కూలు దాకా 2,70,000 మందికి పైగా పిల్లలు అందులో ఉన్నారు. ఆ పాఠాలు విన్నవాళ్లు చదువులో కూడా మెరుగయ్యారు. వందమందిని మార్కుల వరుసలో నిలబెడితే, సరిగ్గా మధ్యలో ఉన్న పిల్లవాడు 11 స్థానాలు ముందుకి జరిగినంత తేడా. మనసులో ఏదో మెలిపెడుతున్న పిల్లవాడికి ఎక్కం తలకెక్కదని టీచర్లకి ఎలాగూ తెలిసిందే.

ఆరోగ్యం పాఠాలు సులువు. చేతులు కడుక్కోవడం ఎలాగో అందరూ గడగడా అప్పజెప్తారు. అప్పజెప్పించుకోకుండా చేయించి చూడు. అరచేతులకి కొంచెం నూనె రాసి, రంగు పొడి చల్లి, రోజూ కడుక్కున్నట్టే కడుక్కోమను. బొటనవేళ్ల మీద, వేళ్ల సందుల్లో, గోళ్ల కింద రంగు అలాగే ఉంటుంది. అప్పుడు సబ్బుతో 20 సెకన్లు రుద్దమని చెప్తే ఎందుకో వాళ్లకే తెలుస్తుంది. ఆరు నుంచి పన్నెండేళ్ల పిల్లలకి రోజుకి 9 నుంచి 12 గంటల నిద్ర కావాలని చెప్పు. కానీ "నువ్వు రాత్రి ఎన్నింటికి పడుకున్నావు?" అని ఒక్కొక్కరినీ నిలబెట్టి అడగకు. ఇంట్లో దీపం ఎప్పుడు ఆర్పాలో, ఏం వండాలో పిల్లలు నిర్ణయించరు. వాళ్ల చేతిలో లేనిదానికి వాళ్లని సిగ్గుపడేలా చేయకూడదు. బరువు చూడాల్సి వస్తే క్లాసు ముందు ససేమిరా వద్దు. లావు, సన్నం అంటూ పడే పేర్లు ఆ పూటే పుడతాయి, ఏళ్ల తరబడి వదలవు.

ఇక మనసు సంగతి. ఈ వయసులో దిగులు చాలాసార్లు కడుపునొప్పిగానో తలనొప్పిగానో బయటికి వస్తుంది. ఫలానా పీరియడ్‌కి ముందే కడుపునొప్పి అంటున్న పిల్లని దొంగ వేషాలు అనుకోకు, ఆ నొప్పి నిజంగానే ఉంటుంది. పిల్లలకి కోపం, సంతోషం, ఏడుపు తప్ప వేరే పేర్లు తెలియవు. అసూయ, అవమానం, నిరాశ, కంగారు, ఒంటరితనం... ఈ మాటలు వాళ్ల నోటికి అందివ్వు. బెంచీని తన్నే పిల్లవాడిని కాసేపు పక్కన కూర్చోబెట్టుకుని, "కోపమా, లేకపోతే నిన్ను ఆటలో కలుపుకోలేదని బాధా?" అని అడిగి చూడు. రెండోదే అయితే వాడి భుజాలు వెంటనే దిగిపోతాయి. అది కళ్లారా చూస్తావు.

స్నేహాల్లో గొడవలొస్తే మనం వెంటనే ఇద్దరి చేతా సారీ చెప్పించేస్తాం. నేలచూపులు చూస్తూ గొణిగే ఆ సారీ వల్ల ఏమీ సర్దుబాటు కాదు. ఏం జరిగిందో ఒకరు చెప్తుంటే రెండోవాళ్లు అడ్డు రాకుండా వినాలి, తర్వాత రెండోవాళ్లు చెప్పాలి. "ఇప్పుడు ఏం చేస్తే సరిపోతుంది?" అన్నది వాళ్లనే అడుగు. మొదట్లో ఆలస్యమవుతుంది, పోనీ. కొన్నాళ్లకి నువ్వు లేకుండానే వాళ్లే అలా కూర్చుంటారు. పక్కన నిలబడి చూసే పిల్లలతో కూడా మాట్లాడు. ఒకరిని నలుగురు ఏడిపిస్తున్నప్పుడు వాళ్లు ఎదురు తిరగక్కర్లేదు. ఏడుస్తున్న పిల్లవాడి దగ్గరికెళ్లి "రా, మాతో ఆడు" అన్నా చాలు.

వద్దని చెప్పడం క్లాసులో ఆడించి నేర్పించు. "నాకిష్టం లేదు, ఆపు" అన్న మాట ఒక్కసారైనా గట్టిగా పలికి ఉంటే, అవసరమైనప్పుడు గొంతు లేస్తుంది. అవతలివాళ్లు వద్దంటే ఆగడం కూడా అంతే శ్రద్ధగా ఆడించాలి. దీన్ని చాలామంది మర్చిపోతారు.

శరీర భద్రత గురించి, అంటే ఎవరైనా చెడుగా తాకితే ఏం చేయాలో చెప్పే పాఠం గురించి, నువ్వు వెనకాడుతున్నావని తెలుసు. కాస్త ఓపిగ్గా చదువు. శరీర భాగాలన్నింటికీ ఉన్న పేర్లనే, మోకాలు, మోచేయి అన్నంత మామూలుగా చెప్పు. పేరు తెలిసిన పిల్లలు జరిగినది స్పష్టంగా చెప్పగలుగుతారు. కొత్తవాళ్లతో జాగ్రత్త అని మాత్రం చెప్పి వదిలేయకు. పిల్లలకి ఇలాంటి హాని ఎక్కువగా జరిగేది తెలిసినవాళ్ల వల్లే. పుట్టినరోజు కానుక లాంటిది కొన్నాళ్లు దాచి తర్వాత అందరికీ చెప్పేస్తాం, అది మంచిదే. ఎవరికీ ఎప్పటికీ చెప్పొద్దని, చెప్తే ఏదో అవుతుందని పెద్దవాళ్లు భయపెట్టే రహస్యం దాచాల్సిన పనిలేదు. ఈ తేడా మూడో తరగతి పిల్లలకి కూడా చక్కగా అర్థమవుతుంది. కాగితం మీద చేతిని గీయించి, ఒక్కో వేలి మీద తాము నమ్మే పెద్దవాళ్ల పేరు రాయమను. "అమ్మానాన్నలకి చెప్పండి" అని ఒక్కటే చెప్పకు. కొందరికి అమ్మానాన్నలు ఉండరు, ఇంకొందరికి భయం ఇంట్లోనే ఉంటుంది. మొదటివాళ్లు నమ్మకపోతే రెండోవాళ్లకి, వాళ్లూ వినకపోతే మూడోవాళ్లకి, ఎవరో ఒకరు వినేదాకా చెప్తూనే ఉండమను.

ఒకటి మాత్రం బల్లగుద్ది చెప్పు. అరవలేకపోయినా, పారిపోలేకపోయినా, చాలాకాలం చెప్పలేకపోయినా తప్పు పిల్లలది కాదు. బిగుసుకుపోవడం భయానికి శరీరం చేసే పని. పిల్లలని కాపాడే బాధ్యత పెద్దవాళ్లదే.

ఏదో ఒక రోజు, క్లాసు అయిపోయి అందరూ వెళ్లాక, ఒక పిల్లో పిల్లవాడో నీ టేబుల్ దగ్గర పెన్సిల్ తిప్పుతూ నిలబడతారు. "సార్, ఎవరికీ చెప్పనంటే ఒకటి చెప్తాను" అంటారు. అలా మాట ఇవ్వొద్దు. "నిన్ను జాగ్రత్తగా చూసుకోవడానికి అవసరమైన వాళ్లకి మాత్రమే చెప్తాను" అని నిజం చెప్పు. ముఖంలో కంగారు కనపడనివ్వకు. నువ్వు ఉలిక్కిపడితే ఆ నోరు మూసుకుపోతుంది. గుచ్చి గుచ్చి అడగకు, మాటలు నువ్వు అందించకు, ముందే ఎందుకు చెప్పలేదని అస్సలు అనకు. "చెప్పి మంచి పని చేశావు, నీ తప్పేమీ లేదు" అను. పిల్లలు వాడిన మాటల్లోనే రాసుకుని, బడిలో ఈ బాధ్యత ఎవరిదో వాళ్లకి అదే రోజు అప్పజెప్పు. ఆ బాధ్యత ఎవరిదో క్లాసులు మొదలుకాక ముందే కనుక్కో.

ఐదో తరగతిలో శరీరంలో వచ్చే మార్పుల పాఠం ఉంటుంది. చిన్నపిల్లలకి అప్పుడే ఎందుకని అడిగేవాళ్లకి వయసులే జవాబు. ఆ మార్పులు ఆడపిల్లల్లో 8 నుంచి 13 ఏళ్ల మధ్య, మగపిల్లల్లో 9 నుంచి 14 ఏళ్ల మధ్య మొదలవుతాయి. ఐదో తరగతికే కొందరిలో మొదలై ఉంటాయి కాబట్టి పాఠం ఇంకా ఆలస్యం కాకూడదు. నా క్లాసులో ఒక పిల్ల మధ్యాహ్నం బాత్రూంలోకి వెళ్లి గంటైనా బయటికి రాలేదు. తలుపు అవతలి నుంచి "టీచర్, నేను చచ్చిపోతానా?" అని అడిగింది. నెలసరి అనే మాటే అప్పటిదాకా దాని చెవిన పడలేదు. ఆ గొంతు తలుచుకుంటే నాకు ఇప్పటికీ కడుపులో దేవినట్టుంటుంది. ఏ పిల్లకీ ఆ గంట రాకూడదు.

ఆ పాఠానికి మగపిల్లలని బయటికి పంపకు. తెలిసినవాడు వెక్కిరించడు. పక్కన ఒక మేడమ్‌ని కూర్చోమను, కొన్ని ప్రశ్నలు ఆడపిల్లలు ఆవిడనే అడుగుతారు. పాఠం మాత్రం నువ్వే చెప్పు. మగ టీచరు నోట అది మామూలు సంగతిలా వినిపిస్తే సగం సిగ్గు అక్కడే పోతుంది.

తల్లిదండ్రులని ముందే పిలిచి, ఏ నెలలో ఏం చెప్పబోతున్నావో, ఏ బొమ్మలు చూపిస్తావో వాళ్ల ముందు పెట్టు. చూడనిదాన్ని గురించే భయాలు ఎక్కువ. ఇవన్నీ చెప్తే పిల్లలు తొందరగా చెడిపోతారని ఎవరైనా అంటే చిన్నబుచ్చుకోకు. వాళ్ల భయం పిల్లల మీద ప్రేమే. లైంగిక విద్య మీద యునెస్కో 2018లో సవరించిన మార్గదర్శకాలు చూపించు. అవి 5 నుంచి 8 ఏళ్ల వయసు నుంచే మొదలవుతాయి, ఆ వయసుకి స్నేహం, కుటుంబం, శరీరం, గౌరవం వంటివి ఉంటాయి. ఇలాంటి చదువు వల్ల పిల్లలు తొందరపడరని పరిశోధనల ఆధారంగానే అందులో చెప్పారు.

క్లాసులో ఒక ప్రశ్నల పెట్టె పెట్టు. అందరికీ ఒకే రకం చీటీలివ్వు. ప్రశ్న లేనివాళ్లు "ఏమీ లేదు" అని రాసి వేయాలి, అప్పుడు ఎవరు రాశారో ఎవరికీ తెలియదు. జవాబులు తర్వాతి క్లాసులో చెప్పు, ఆలోచించుకోవడానికి నీకూ వ్యవధి ఉంటుంది. నాకు ఎలాంటి చీటీలు వచ్చేవో తెలుసా? "చచ్చిపోయిన తాతయ్యకి మేం కనిపిస్తామా?" "నా ఫ్రెండు వేరేవాళ్లతో ఆడితే నాకెందుకు ఏడుపొస్తుంది?" "పెద్ద క్లాసుకి వచ్చాక కూడా పక్క తడుపుతారా?" ఈ మూడోది రాసిన బిడ్డ ఎన్ని రాత్రులు భయపడి ఉంటుందో! చాలామందికి అలా అవుతుందని, పెద్దయ్యే కొద్దీ తగ్గుతుందని, డాక్టరుకి చెప్తే సాయం దొరుకుతుందని ఆ రోజు క్లాసు మొత్తానికీ చెప్పాను. ఎవరి ముఖం తేలికపడిందో చూడకుండా కావాలనే కిటికీ వైపు తిరిగి మాట్లాడాను.

ఇవన్నీ విని విని నీకూ బరువుగా అనిపించే రోజులుంటాయి. అప్పుడు ఏ పిల్లల పేర్లూ చెప్పకుండా, నీ మనసు ఎలా ఉందో నాకు చెప్పు, చాలు.

ఐదో తరగతి పాఠం ఏ వారంలో పెట్టుకున్నావో రాయి. ముందు రోజు రాత్రి ఫోన్ చేసి, మొదటి నుంచి చివరిదాకా నాకు ఒకసారి పైకి చెప్పు. ఎక్కడ గొంతు తడబడుతుందో ఇద్దరం చూసుకుందాం.

ప్రేమతో,
అమ్మ