బండి సర్వీస్ జాబ్ కార్డులో మా ఫిర్యాదు ఎందుకు రాయరు?

సంపాదకులకు నమస్కారం.

నేను బోరు మోటార్లకు వైండింగ్ చేసి బతికేవాణ్ణి. సత్తుపల్లి చుట్టుపక్కల ఏ రైతు ఫోన్ చేసినా సామాన్ల సంచి తగిలించుకుని బండి మీద పోవాలి. పాత బండిని పదకొండేళ్లు నడిపి, దసరాకు కొత్త మోటార్ సైకిల్ తీసుకున్నాను. అన్నీ కలిపి లక్షా 20 వేలు దాటింది. సగం ఫైనాన్సే.

నెల తిరక్కముందే పేచీ మొదలైంది. ఇంజన్ వేడెక్కాక స్పీడు తగ్గించి క్లచ్ పట్టుకుంటే చాలు, ఆగిపోతుంది. మళ్లీ స్టార్ట్ కావాలంటే ఐదారు నిమిషాలు. ఒకరోజు మలుపులో ఆగింది. నా వెనక మా ఆవిడ కూర్చుని ఉంది, ఆ వెనకే ఇసుక లారీ. డ్రైవర్ ఎలాగో పక్కకు తిప్పాడు. ఆ రోజు నుంచి ఆమె బండెక్కనంటోంది.

షోరూం మా ఊరికి 38 కిలోమీటర్లు. పని మానుకుని మూడుసార్లు వెళ్లాను. ప్రతిసారీ కౌంటర్లో అబ్బాయి జాబ్ కార్డులో, అంటే బండికి ఏం పని చేయాలో రాసిచ్చే కాగితంలో, ‘జనరల్ చెకప్’ అని కంప్యూటర్లో కొట్టాడు. ‘నడుస్తూ నడుస్తూ ఆగిపోతోందని రాయండి’ అంటే, ‘అవన్నీ అక్కర్లేదండీ, మెకానిక్‌కి నేను చెప్తాగా’ అన్నాడు. సాయంత్రానికి బండిని తళతళా కడిగి ఇచ్చారు. మూడోసారి బిల్లులో ఎయిర్ ఫిల్టర్ క్లీనింగ్ అని డబ్బులు వేశారు. ఇంటికొచ్చి చూస్తే ఆ మూత స్క్రూల గాట్లలో ఎర్రమట్టి గట్టిపడి అలాగే ఉంది. స్క్రూడ్రైవర్ తగిలితే ఆ మట్టి నిలుస్తుందా? పైగా వచ్చేటప్పుడు, ‘కంపెనీ నుంచి ఫోన్ వస్తుందండీ, పదికి పది చెప్పండి’ అని బతిమాలారు.

చివరికి కంపెనీ టోల్ ఫ్రీ నంబరుకు ఫోన్ చేశాను. ‘మీ బండి మూడుసార్లు వచ్చింది, మూడుసార్లూ జనరల్ చెకప్పే, కంప్లైంట్ ఏదీ లేదు’ అన్నారు. అప్పుడు అర్థమైంది నాకు. రాయకపోవడం మరుపు కాదు. రాస్తే వారంటీ కింద పార్టు మార్చాలి, కంపెనీకి జవాబు చెప్పుకోవాలి.

ఒకప్పుడైతే షోరూం కాకపోతే వేపచెట్టు కింద మెకానిక్ ఉండేవాడు. కార్బురేటర్ విప్పి అరగంటలో సంగతి తేల్చేవాడు. 2020 ఏప్రిల్‌లో బీఎస్-6 అనే కొత్త పొగ కాలుష్య నిబంధనలు వచ్చాక చాలా బండ్లకు కార్బురేటర్ బదులు ఫ్యూయల్ ఇంజెక్షన్, సెన్సార్లు వచ్చాయి. లోపం ఎక్కడుందో చూడాలంటే స్కానర్ కావాలి. బయట చేయి పెట్టిస్తే వారంటీ పోతుందని షోరూం వాళ్లు ముందే భయపెడతారు. మేం ఇంకెక్కడికి పోవాలి?

నేనూ రిపేరు పని చేసేవాణ్ణే. మోటారు విప్పితే కాలిన వైరు రైతు చేతిలో పెట్టి, ఇదిగో ఇదీ సంగతి అని చూపించాకే డబ్బులడుగుతాను. లక్షలు పెట్టి కట్టిన షోరూంలో ఆ మాత్రం చేయలేరా? అక్కడి మెకానిక్ పిల్లల మీద నాకు కోపం లేదు. రోజుకు అన్ని బండ్లు ముగ్గురు చూడాలంటే వాళ్లు మాత్రం ఏం చేస్తారు?

2019 వినియోగదారుల రక్షణ చట్టం ప్రకారం, చెప్పాల్సిన సమాచారాన్ని కావాలని దాచినా సేవాలోపమే. ఐదు లక్షల లోపు కొన్న వస్తువు మీద జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తే ఫీజు లేదు, వకీలు ఉండాలన్న నియమమూ లేదు. గడువు రెండేళ్లు. కానీ అక్కడికి వెళ్లినా ముందు అడిగేది కాగితమే. మా చేతిలో ఉన్న కాగితం మీదేమో జనరల్ చెకప్.

డీలర్లకు ట్రేడ్ సర్టిఫికెట్, అంటే ఇంకా రిజిస్ట్రేషన్ కాని బండ్లను దగ్గర ఉంచుకునే అనుమతి, ఇచ్చేది రవాణా శాఖ. అందుకే ఆ శాఖ అధికారులకు మీ పత్రిక ద్వారా విన్నవించుకుంటున్నాను. కస్టమర్ చెప్పిన మాటను చెప్పినట్టే తెలుగులో జాబ్ కార్డు మీద రాయాలని, సంతకంతో కాపీ చేతికివ్వాలని, మార్చిన పార్టు చూపించాలని షరతు పెట్టండి. వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915 నంబరును ప్రతి సర్వీస్ కౌంటర్ దగ్గరా కనబడేలా రాయించండి. ఆ నంబరు ఉందని మా ఊళ్లో చాలామందికి తెలియదు.

నా ఫిర్యాదు తెల్లకాగితం మీద రాసి స్పీడ్ పోస్టులో షోరూంకు పంపి మూడు వారాలైంది. అందినట్టు రసీదు వచ్చింది. జవాబు రాలేదు. బండి ఇంకా ఆగుతూనే ఉంది.

ఇట్లు,
ఒక పాఠకుడు, సత్తుపల్లి, ఖమ్మం జిల్లా