చివరి 16 పేజీల గురించి ఆరో ఉత్తరం

ప్రచురణ సంస్థ మేనేజర్ గారికి,

ఒకే విషయం మీద మీకు ఇది నా ఆరో ఉత్తరం. ముందు రాసిన అయిదింటిలో ఒక్కదాన్నీ ఎవరూ పూర్తిగా చదవలేదని మీ జవాబులే చెబుతున్నాయి.

చిన్న ఊరి పుస్తకాల దుకాణంలో జరిగిన హత్య చుట్టూ నడిచే మీ నవల కొన్నాను. 288వ పేజీలో దుకాణంలో పనిచేసే అమ్మాయి అనుమానితులందరినీ అల్మరాల మధ్య కూర్చోబెట్టి, హంతకుడి పేరు చెప్పబోతుంది. పక్క పేజీ చూస్తే మళ్లీ 273! చివరి ఫారం (కలిపి ముద్రించి మడిచే 16 పేజీల కట్ట) ఉండాల్సిన చోట దాని ముందు ఫారాన్నే రెండోసారి కుట్టేశారు. ఫారాలు పేర్చేటప్పుడు ఇలాంటి పొరపాటు ఎవరి చేతనైనా జరగవచ్చు. దాని మీద నాకు కోపం లేదు.

నా కోపమంతా ఆ తర్వాత జరిగినదాని మీద. మొదటి ఉద్యోగి పాడైన పేజీల ఫొటోలు పంపమన్నారు. లేని పేజీలకు ఫొటో ఎలా తీయను? 288 పక్కన 273 ఉన్న చోటు ఫొటో తీసి పంపాను. రెండో వ్యక్తి పుస్తకం నీళ్లలో తడిసిందా అని అడిగారు. మూడో ఆమె నన్ను ఫోనులో ఇరవై నిమిషాలు ఆపి, ఇది ముద్రణాలయం తప్పు, వాళ్లనే అడగండి అన్నారు. నేను డబ్బు కట్టింది ముద్రణాలయానికి కాదు, మీకు. నాలుగో వ్యక్తి పుస్తకం మార్చుకునే గడువు దాటిపోయిందన్నారు. ఆ గడువు గడిచిపోయింది మీ వాళ్ల ప్రశ్నలకు నేను జవాబులు రాస్తూ ఉండగానే.

అయిదో వ్యక్తి చేసినదాన్ని మాత్రం క్షమించలేను. హంతకుడెవరో ఒక్క వాక్యంలో రాసి పంపి, "మీ సమస్య పరిష్కారమైంది" అని ఫిర్యాదు మూసేశారు.

ఇలాంటి నవల ఎందుకు చదువుతామో మీ సంస్థలో ఎవరికీ తెలియదా? నెత్తురు తెర వెనకే ఉంటుంది, ఊళ్లో అందరూ ఒకరికొకరు తెలిసినవాళ్లే, ఆధారాలన్నీ మన కళ్ల ముందే ఉంటాయి. పాఠకుడికి ముఖ్యమైన ఆధారాన్ని దాచబోమని 1930లో లండన్‌లో ఏర్పడిన డిటెక్టివ్ రచయితల సంఘం డిటెక్షన్ క్లబ్ సభ్యులు ప్రమాణమే చేశారు. నేను నిచ్చెన మీద దుమ్మునూ, ఖాతా పుస్తకంలో చింపిన కాగితాన్నీ గుర్తుపెట్టుకుని, నా అనుమానాన్ని 250వ పేజీ మార్జిన్‌లో పెన్సిలుతో రాసుకున్నాను. అది సరైనదో కాదో ఆ అమ్మాయి నోట వినాలని నాలుగు రాత్రులు కూర్చున్నాను. ఆ ఆనందాన్ని మీ ఉద్యోగి తీసేసుకున్నారు. దాన్ని ఏ కొత్త ప్రతీ తిరిగి ఇవ్వలేదు.

ఈ వరుసలో మొదటి నవల నుంచీ అన్నీ కొన్నాను. స్నేహితులకు కానుకగా ఇచ్చినవీ మీవే. అలాంటి పాఠకురాలికి ఒక్క మనిషీ "పొరపాటైంది" అని రాయలేదు.

అయినా పూర్తి ప్రతి పంపండి. ఆ 16 పేజీలూ నావి. దానితోపాటు, ఈ ఉత్తరం చివరిదాకా చదివిన మనిషి స్వయంగా సంతకం చేసిన జవాబు కావాలి. ఈసారీ ఫిర్యాదు మూసేస్తే, ఆరు ఉత్తరాలూ, మీరు రాసిన జవాబులూ పట్టుకుని వినియోగదారుల న్యాయస్థానానికి వెళ్తాను. ప్రతి కాగితం తేదీల వరుసలో దాచి ఉంచాను.

ఇట్లు,
మీ పాత పాఠకురాలు