రిఫండ్ ఎంతని కాదు, లెక్క ఎక్కడిదని అడగండి

సంపాదకులకు నమస్కారం.

జూన్ దాటిందంటే మా పర్లాకిమిడిలో నెట్ సెంటర్ల గోడలకు ‘ఐటీ రిటర్న్ వేయబడును’ అని కాగితాలు వెలుస్తాయి. కొందరు సరిహద్దు దాటి ఆంధ్రలోని పాతపట్నం వెళ్లి వేయించుకుంటారు. ఎక్కడికి వెళ్లినా మనవాళ్లు అడిగే మొదటి మాట ‘రిఫండ్ ఎంత వస్తుంది?’ అనే. నేను ఒడిశా ప్రభుత్వ హైస్కూల్లో పనిచేసి రిటైరైన టీచర్ని. నా రిటర్న్ నేనే వేసుకుంటానని తెలిసి, తోటి పెన్షనర్లు ‘ఏ సాఫ్ట్‌వేర్ మంచిది అక్కా?’ అని ఫోన్లు చేస్తుంటారు. మీ శ్రీకాకుళం ఎడిషన్ మా ఊళ్లో చాలామంది చదువుతారు కాబట్టి నాకు తెలిసింది అందరికీ ఒకేసారి చెబుదామని ఈ ఉత్తరం రాస్తున్నాను.

పెన్షను, బ్యాంకు వడ్డీ, సొంతిల్లు తప్ప ఇంకేమీ లేనివారికి ఆదాయపు పన్ను శాఖ ఈ-ఫైలింగ్ పోర్టలే చాలు. ఆదాయం 50 లక్షల లోపు ఉన్న ఇలాంటివారు వేయాల్సింది ఐటీఆర్-1, అంటే సహజ్ ఫారం. దానికి పైసా ఖర్చు లేదు. మన వివరాలు చాలావరకు అందులో ముందే నింపి ఉంటాయి. కానీ ముందే నింపి ఉంది కదా అని కళ్లు మూసుకుని సబ్మిట్ నొక్కకూడదు.

ఒక లెక్క చూడండి. 2024-25 ఆర్థిక సంవత్సరంలో అరవై దాటిన ఒక టీచరమ్మకు పెన్షను 5,40,000 రూపాయలు వచ్చిందనుకోండి. పర్లాకిమిడి బ్యాంకులో ఎఫ్‌డీ మీద 38,000, పాతపట్నం బ్యాంకులో ఎఫ్‌డీ మీద 24,000 వడ్డీ. ఆ ఏడాది సీనియర్ సిటిజన్లకు ఒక్కో బ్యాంకులో 50,000 దాకా వడ్డీకి టీడీఎస్, అంటే బ్యాంకే ముందుగా పన్ను కోసుకోవడం, లేదు. కాబట్టి రెండు బ్యాంకులూ ఏమీ కోయవు. ఏమీ కోయలేదు కనుక ఈ 62,000 మన పేరున కోసిన పన్నును చూపే ఫారం 26ఏఎస్‌లో కనపడదు. కానీ రాష్ట్రాలు వేరైనా పాన్ ఒక్కటే. బ్యాంకులు పంపిన వివరాలు ఏఐఎస్ అనే వార్షిక సమాచార నివేదికలోకి చేరతాయి. 2021 నవంబరు నుంచి ఇది పోర్టల్లోనే ఉంది. పెన్షను ఇచ్చేవారు ఇచ్చే ఫారం 16, ఆ 26ఏఎస్ మాత్రమే అడిగి ఏఐఎస్ ఊసెత్తని సాఫ్ట్‌వేర్‌తో, లేదా మనిషితో, రిటర్న్ వేయిస్తే ఆ వడ్డీ ఎగిరిపోతుంది. తర్వాత నోటీసు వచ్చేది మనకే. ఏఐఎస్‌లోనూ తప్పులు ఉండవచ్చు. ఒకే వడ్డీ రెండుసార్లు పడితే అక్కడే ఫీడ్‌బ్యాక్ ఇవ్వవచ్చు. అందుకే పాస్‌బుక్, బ్యాంకు ఇచ్చే వడ్డీ సర్టిఫికెట్ పక్కన పెట్టుకుని సరిచూడాలి.

ఇప్పుడు అదే టీచరమ్మ పన్ను చూద్దాం. మొత్తం ఆదాయం 6,02,000. పన్ను లెక్కకు పాతది, కొత్తది అని రెండు విధానాలున్నాయి. కొత్త విధానంలో పెన్షను మీద ఇచ్చే స్థిర మినహాయింపు (స్టాండర్డ్ డిడక్షన్) 75,000 పోతే 5,27,000 మిగులుతుంది. ఆ ఏడాది 7 లక్షల దాకా రిబేటు, అంటే పన్ను మాఫీ, ఉంది కాబట్టి పన్ను సున్నా. పాత విధానంలో స్టాండర్డ్ డిడక్షన్ 50,000, వడ్డీ మీద సీనియర్లకిచ్చే 80టీటీబీ మినహాయింపు కింద మరో 50,000 తీస్తే 5,02,000. పాత విధానంలో రిబేటు 5 లక్షల వరకే. ఆ రెండు వేలు దాటినందుకు, వేరే మినహాయింపులేవీ లేకపోతే, సెస్సుతో కలిపి 10,816 రూపాయలు కట్టాలి. ఎల్ఐసీ ప్రీమియమో, ఆరోగ్య బీమానో కొద్దిగా ఉన్నా అదీ సున్నా అయిపోయేది. మనిషి అదే, ఆదాయం అదే. రెండు విధానాల లెక్కనూ పక్కపక్కన చూపించే సాఫ్ట్‌వేరే కావాలని నేను పట్టుబట్టేది ఇందుకే.

సహజ్ ఫారంలో ఒక ప్రశ్న దగ్గర చాలామంది తడబడతారు. కొత్త విధానం నుంచి బయటికి రావాలనుకుంటున్నారా అని అడుగుతుంది. కొత్త విధానమే కావాలనుకున్నవాళ్లు హుషారుగా ‘ఎస్’ పెట్టేస్తారు. అక్కడ ‘ఎస్’ అంటే పాత విధానంలోకి పోవడం. 2023-24 ఆదాయం నుంచి మనం ఏమీ చెప్పకపోతే కొత్త విధానమే వర్తిస్తుంది. ఇంకో మాట, పాతది కావాలంటే రిటర్న్ గడువులోగా వేయాలి.

వానాకాలంలో మా దగ్గర కరెంటు, నెట్టు రెండూ నమ్మకం లేనివి. మాలాంటివారికి శాఖవారి ఆఫ్‌లైన్ యుటిలిటీ ఉంది. పోర్టల్ నుంచి ముందే నింపిన ఫైలు ఒకసారి దించుకుని, ఇంట్లో కంప్యూటర్ మీద తీరిగ్గా నింపి, నెట్ వచ్చినప్పుడు అప్‌లోడ్ చేయవచ్చు. టెన్షన్ ఉండదు.

మరి డబ్బులు తీసుకునే క్లియర్‌ట్యాక్స్, క్వికో లాంటివి దండగా అంటే, కాదు. బెంగళూరులో, హైదరాబాద్‌లో ఉద్యోగాలు చేస్తూ షేర్లు, మ్యూచువల్ ఫండ్లు కొనీ అమ్మీ చేసే మన పిల్లలకు అవి పనికొస్తాయి. 2024 జులై 23న షేర్ల దీర్ఘకాలిక లాభాల మీద పన్ను 10 శాతం నుంచి 12.5 శాతానికి మారింది. ఆ ఒక్క ఏడాదిలోనే అంతకుముందు అమ్మినవి ఒక రేటు, తర్వాత అమ్మినవి ఒక రేటు. వందల లావాదేవీలున్నవాళ్లు బ్రోకర్ ఇచ్చిన ఫైలును నేరుగా తీసుకునే సాఫ్ట్‌వేర్‌కు డబ్బు పెట్టడం సబబే. అయితే ఫీజు ఎంతో ముందే చూడండి. శాఖ దగ్గర ఈఆర్ఐగా, అంటే మన తరఫున రిటర్న్ వేసే మధ్యవర్తిగా, నమోదై ఉందో లేదో చూడండి. వేసిన రిటర్న్ కాపీ మన చేతికి ఇస్తుందో లేదో చూడండి.

నాకు నిజంగా బాధ కలిగించేది మరొకటి ఉంది. నాకు తెలిసిన ఒక పెద్దావిడ రిటర్న్ వేయించిన ఏజెంటు పోర్టల్‌లో తన మొబైల్ నంబరు, తన ఈమెయిలే పెట్టేశాడు. శాఖ పంపే ప్రతి మెసేజీ అతనికే వెళ్లేది. తన లెక్కేమిటో ఆవిడ చూసుకోవాలన్నా ఓటీపీ కోసం అతన్నే బతిమాలాలి. ఇలాంటి ఏజెంట్లలో కొందరు లేని బీమాలు, ఇవ్వని విరాళాలు చూపించి రిఫండ్ రప్పించి అందులో వాటా తీసుకుంటారు. 2025 జులై 14న ఆదాయపు పన్ను శాఖ దేశంలో చాలాచోట్ల ఇలాంటి దొంగ క్లెయిముల మీద సోదాలు చేసింది. అంతకుముందు నాలుగు నెలల్లో సుమారు 40,000 మంది తమ రిటర్నులు సవరించుకుని 1,045 కోట్ల రూపాయల తప్పుడు క్లెయిములు వదులుకున్నారని కూడా ప్రకటించింది. ఆదాయం తప్పుగా చూపినట్టు తేలితే, ఎగ్గొట్టిన పన్నుకు రెండింతల దాకా జరిమానా ఉంటుంది. అది పడేది ఏజెంటు మీద కాదు, పాన్ ఎవరిదో వాళ్ల మీద. ఏ సాఫ్ట్‌వేర్ అయినా మనం కొట్టిన అంకెనే తీసుకుంటుంది. రిఫండ్ ఎక్కువ చూపించింది కనుక అది గొప్పదనుకోవడం పొరపాటు.

పెద్దవాళ్లు ఇంకొకటి చూసుకోవాలి. రిటర్న్ వేసిన 30 రోజుల్లో వెరిఫై చేయాలి, అంటే అది మనదేనని ధ్రువీకరించాలి. ఆధార్ ఓటీపీతో చేయాలంటే ఆధార్‌కు ఇప్పుడు వాడుతున్న నంబరే లింకై ఉండాలి. పాత సిమ్ము పారేసినవాళ్లు ముందు ఆధార్ కేంద్రానికి వెళ్లాలి.

సంపాదకులకు నా విన్నపం. గిడుగు రామమూర్తిగారు పాఠాలు చెప్పిన ఊరు మాది. ఆయన కోరిన వాడుక తెలుగులోనే, ఏటా జూన్, జులైలలో జిల్లా పేజీలో వారానికొక చిన్న శీర్షిక వేయండి. ఏఐఎస్ ఎలా తెరవాలి, ఫారంలో ఏ ప్రశ్నకు ఏమని జవాబివ్వాలి, రిటర్న్ ఎలా వెరిఫై చేయాలి అనేవి తెర బొమ్మలతో సహా ఇవ్వండి. జిల్లాలోని చార్టర్డ్ అకౌంటెంట్లను అడిగితే రాసిచ్చేవారు దొరుకుతారు. సరిహద్దుకు ఇవతల ఉన్న మాకు తెలుగులో ఇలాంటివి చెప్పే దిక్కు మీ పత్రికే.

ఇట్లు,
ఒక రిటైర్డ్ ఉపాధ్యాయిని,
పర్లాకిమిడి, గజపతి జిల్లా, ఒడిశా