ఆరో లారీ క్యూబులు

నరసరావుపేట,
జూన్ 8.

ప్రియమైన శ్రీధర్‌కు,

నీ రెండు ఉత్తరాలకూ జవాబు రాయలేదు, తప్పు నాదే. అలిగి మూడోది మానేశావని మీ చెల్లెలు చెప్పింది. అమ్మ మోకాలు కాస్త నయం, ఇల్లు మారాము, పిల్లవాడు రెండో తరగతికి వచ్చాడు. ఇంటి సంగతులు ఇంతే. ఇక అసలు విషయం. ఇది నీకు తప్ప మరొకరికి చెబితే అర్థం కాదు, అర్థమయ్యే వాళ్లకు చెప్పుకోవడానికి నాకు మొహం చెల్లదు.

మేము కడుతున్న బడి భవనానికి ఏప్రిల్ చివర్లో మొదటి అంతస్తు స్లాబు వేశాము. ఎం25 కాంక్రీటు, అంటే 28 రోజులకు 25 మెగాపాస్కల్ (చదరపు మిల్లీమీటరుకు 25 న్యూటన్లు) బలం రావలసినది, సుమారు 40 ఘనపు మీటర్లు, గుంటూరు వైపు నుంచి ఏడు లారీల్లో వచ్చింది. పల్నాటి ఎండ సంగతి నీకు చెప్పనక్కరలేదు కనుక తెల్లవారుజామున నాలుగింటికే మొదలుపెట్టాము. అయిదు లారీలు సాఫీగా దిగిపోయాయి. ఆరోది రైల్వే గేటు దగ్గర ఇరుక్కుని, ప్లాంటులో నింపిన గంటా యాభై నిమిషాలకు చేరింది. రెండు గంటలు దాటితే తిప్పి పంపవలసిందే. స్లంప్, అదే కాంక్రీటు జారుడు, కొలిచి చూస్తే 90 మిల్లీమీటర్లే ఉంది, పంపు మొరాయిస్తోంది. డ్రైవరు పైపు పట్టుకుని డ్రమ్ములో నీళ్లు కలపబోతే నేను అడ్డంగా నిలబడి, ఒక్క చుక్క పడనివ్వనని అరిచాను. చివరికి ప్లాంటు మనిషి చేత కొలిచి అడ్మిక్చర్, అదే నీళ్లు కలపకుండా జారుడు పెంచే మందు, వేయించి, డ్రమ్ము తిప్పించి, స్లంప్ సరిగ్గా వచ్చాకే పోయించాను.

అయినా మనసు ఒప్పుకోలేదు. మిగతా లారీల నుంచి తీసిన మూడు నమూనాలకు ఆరేసి క్యూబులు, అంటే తరువాత పగలగొట్టి బలం చూసే కాంక్రీటు దిమ్మెలు, పోసి, ఆ లారీకి మాత్రం తొమ్మిది పోయించాను: 7 రోజులకు మూడు, 28 రోజులకు మూడు, అనుమానానికి మూడు. అచ్చులో కడ్డీతో పొరకు ముప్పై అయిదు పోట్ల చొప్పున మూడు పొరలు కదా, కుర్రాడు లెక్క తప్పి నా వైపు చూస్తే "ముప్పై అయిదు వస్తే పాసే, కానీ తగ్గకూడదు" అన్నాను. నీ జీవిత సిద్ధాంతం ఇక్కడి దాకా పాకిందని తెలిసి సంతోషించు.

స్లాబుకు నీళ్లు పెట్టే పని నాగమ్మది. సాయంత్రానికల్లా స్లాబంతా చిన్న చిన్న మళ్లు కట్టించి, బీముల పక్కలకు గోనెపట్టాలు చుట్టించి, ఆమెకు అప్పజెప్పాము. బూడిద కలిసిన సిమెంటు కనుక కనీసం పది రోజులు తడి ఆరకూడదు. నేను పద్నాలుగు చెప్పాను. మధ్యలో ఒకటిన్నర రోజు నీళ్ల ట్యాంకరు రాలేదు. ఈశాన్యం మూల మడి ఎండి, తెల్లబడి, మట్టి గట్టు పగుళ్లిచ్చింది. అది నేను చూశాను, చూసి ఊరుకున్నాను. ఈ మాట గుర్తుపెట్టుకో.

ఇరవై ఎనిమిదో రోజు ఫలితాలు వచ్చాయి. మిగతా నమూనాల తొమ్మిది క్యూబులూ 29 మెగాపాస్కల్ దాటాయి. ఆరో లారీవి 21.0, 19.6, 20.5. ఎం25కు ఒక నమూనా సగటు 22 కంటే తగ్గకూడదు. పై అధికారి ఫోనులో ఏమన్నాడో రాయను. ఫోను పెట్టేసి తిన్నగా స్లాబు మీదికి వెళ్లి, పదిమంది కూలీల ముందు నాగమ్మను నానా మాటలూ అన్నాను. నీళ్లు సరిగా పెట్టకపోవడం వల్లే పరీక్ష పోయిందని, కూలి కోయిస్తానని కూడా అన్నాను, శ్రీధర్. ఆమె పైపు కింద పెట్టి, కొంగుతో చేతులు తుడుచుకుని, గొంతు పెంచకుండా ఇలా అంది: "నేను నీళ్లు బెట్టింది శ్లాబుకి గదయ్యా. మీ దిమ్మెలేమో తొట్లో మునిగుండాయి. నా నీళ్లు తగ్గితే అయ్యెట్టా దెబ్బతింటయ్యి?"

నాలుగేళ్లు చదివాము కదా మనం? అచ్చు విప్పిన దగ్గర నుంచీ ఆ క్యూబులు 27 డిగ్రీల నీటిలో మునిగి ఉన్నాయి. అవి లారీలో వచ్చిన సరుకు ఎలాంటిదో చెబుతాయే గానీ ఆ తరువాత స్లాబుకు మనం చేసిన సేవ గురించి ఏమీ చెప్పవు. ఈ సంగతి ఆమెకు ఎవరూ చెప్పలేదు. రోజూ తొట్టి పక్క నుంచి నడిచి తెలుసుకుంది. నాకు నోట మాట రాలేదు. కిందికి దిగి వచ్చి కాగితాలు మళ్లీ చూస్తే అప్పుడు కనబడింది: అదే లారీ క్యూబులు 7 రోజులకు 19 ఇచ్చాయి. ఏడు రోజులకు 19 ఇచ్చినది ఇరవై ఎనిమిదికి 20 దగ్గర ఆగుతుందా!

బండి తీసి ల్యాబుకు పోయాను. దాని పేరు వద్దులే. పొద్దున తొమ్మిది క్యూబులూ ఎప్పుడూ ఉండే ఆయన పగలగొట్టాడట, భోజనాల తరువాత మిగిలిన మూడూ కొత్త కుర్రాడు చేశాడట. యంత్రం తలుపు తీసి వంగి పై పళ్లెం చూశాను. నున్నటి ఉక్కు మీద ఎర్ర రంగుతో నా అంకె, అద్దంలో చూసినట్టు తిరగబడి అంటుకుని ఉంది. నంబరు మనం తాపీతో సాపు చేసిన పై మొహం మీదే కదా వేస్తాము? ఆ మొహం పక్కకు తిరిగి ఉండాలి. అచ్చుకు ఆనిన మొహాలే చదునుగా ఉంటాయి, వాటి మీదే బరువు పడాలి. కుర్రాడు పోసినది పోసినట్టే నిలబెట్టాడు, ఉబ్బెత్తు మీద భారమంతా పడి ఒక మూల ముందే రాలిపోయింది.

అనుమానానికి దాచిన మూడింటినీ తొట్టిలోంచి తీయించి, తడి ఆరకముందే తుడిచి, నా చేతులతో పక్కకు తిప్పి పెట్టాను. బరువు నిదానంగా పెరుగుతుంటే ఆ రెండు నిమిషాలూ ఊపిరి తీయలేదు. మొదటిది 686 కిలోన్యూటన్ల దగ్గర ఆగింది, అంటే 30.5 మెగాపాస్కల్. మిగతా రెండూ దాని పక్కనే. తలుపు తీస్తే నాలుగు పక్కలూ సమంగా రాలి, మధ్యలో చక్కటి డమరుకం మిగిలింది. మనం ల్యాబులో చేసిన నీ ఇడ్లీతో పోల్చకు.

అందరూ సంతోషించారు, నేను తప్ప. ఇప్పుడు ఆ ఈశాన్యం మూల మాట ఏమిటి? లారీ మంచిదే, నాగమ్మ మంచిదే, ట్యాంకరు రాని రోజున నోరు మూసుకున్నది నేను. అందుకని అడిగి తిట్లు తిని, ఆ మూల నుంచి మూడు కోర్లు, అంటే స్లాబులోంచి తొలిచే గుండ్రటి ముక్కలు, తీయడానికి ఒప్పించాను. వాటి బలం సగటున 25లో 85 శాతానికి, ఏ ఒక్కటీ 75 శాతానికి తగ్గకపోతే గట్టెక్కినట్టే. రేపు తీస్తారు. తగ్గితే మాత్రం...

నాగమ్మకు ఇంకా ఏమీ చెప్పలేదు. తిట్టింది పదిమందిలో కనుక చెప్పడమూ పదిమందిలోనే చెప్పాలి, రెండుసార్లు మెట్లెక్కి పైపు నీళ్లు తాగి దిగి వచ్చాను. నిన్న ఆమే అడిగింది, "దిమ్మెలు బాగుండాయా అయ్యా" అని. నేను తల

స్తంభాలకు కాంక్రీటు లారీ వచ్చి హారన్ కొడుతోంది. స్లంప్ కొలిచే కోన్ కడిగి పెట్టారో లేదో కూడా తెలియదు. ఉంటాను.

నీ
మూర్తి